టీవీ వెనక చెయ్యి పెడితే జివ్వుమంటోంది, ఇది మామూలేనా?

కొత్తకాపురం
బెంగళూరులో వైట్‌ఫీల్డ్ దగ్గర అద్దె ఫ్లాటులోకి మారి పన్నెండు రోజులైంది. 55 అంగుళాల టీవీ, దానికి తోడు ఒక సౌండ్‌బార్ కొన్నాం. పాత సెట్‌టాప్ బాక్సు, నా పాత డెస్క్‌టాప్ కంప్యూటరు కూడా టీవీకే కలిపాను. అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఉన్నాయి.

నిన్న మా అమ్మ తడిగుడ్డతో బల్ల తుడుస్తూ టీవీ వెనక కేబుల్ కొసను తాకి, ఒక్కసారిగా చెయ్యి వెనక్కి లాక్కుంది. మోచేతి దాకా జివ్వుమందట. నమ్మకం కుదరక నేనూ ముట్టుకుని చూశాను, బుద్ధి తక్కువై. నిజమే. టీవీ తెచ్చిన కుర్రాడికి ఫోను చేస్తే, "అన్ని ఇళ్లలోనూ ఉండేదే సార్, స్వల్ప అడ్జస్ట్ మాడి" అన్నాడు, అంటే కొంచెం సర్దుకోమని కన్నడంలో. ఇంట్లో మూడేళ్ల పాప ఉంది. ఎక్కడని అడ్జస్టు కావాలి?

ఇంకో రెండు సందేహాలు కూడా ఉన్నాయి. గోడకు బిగిద్దామంటే, తడితే డొల్లగా మోగుతోంది. సౌండ్‌బార్‌లో దీపం వెలుగుతోంది కానీ శబ్దం టీవీలోంచే వస్తోంది.

సిల్కుబోర్డు_సిగ్నల్
మా ఇంట్లో ఆరేళ్లుగా జివ్వుమంటోంది. ఇంట్లో మనిషి కింద లెక్క. రబ్బరు చెప్పులు వేసుకోండి, సరిపోతుంది.

పాత_రేడియో
సిగ్నల్ గారూ, చెప్పులు వేసుకుంటే షాకు పోదు, అది ఉందని మీకు తెలియకుండా పోతుంది. అంతే తేడా.

కొత్తకాపురం గారూ, ముందు రెండు ప్రశ్నలు. ఏ ఏ వస్తువులకు రెండు పిన్నుల ప్లగ్గు ఉంది, వేటికి మూడు పిన్నులు ఉన్నాయి? ఆ ఎక్స్‌టెన్షన్ బోర్డు ఎక్కడిది?

అసలు ఇది ఎందుకు వస్తుందో చెబుతాను. ఈ కాలపు టీవీలు, అడాప్టర్లు అన్నింటిలోనూ కరెంటును వేగంగా తెంచి కలిపే సర్క్యూటు ఉంటుంది. దాని రొద బయటకు పోకుండా, మెయిన్స్ వైపునకూ బయటి లోహపు భాగాలకూ మధ్య చిన్న కెపాసిటర్లు పెడతారు. ఎర్తు, అంటే లోహాన్ని భూమికి కలిపే తీగ, దొరకని చోట ఆ లోహం 230 వోల్టులలో ఇంచుమించు సగం దగ్గర, అంటే 115 ప్రాంతంలో తేలుతూ ఉంటుంది. అందులో వచ్చే కరెంటు మిల్లీఆంపియరులో కొంత భాగం మాత్రమే. అందుకే జివ్వుమనిపించి వదిలేస్తుంది. ఒక్క టీవీయే ఉంటే చాలామందికి తెలియను కూడా తెలియదు. కానీ హెచ్‌డీఎంఐ కేబుల్ పైతొడుగు ఒక వస్తువు లోహాన్ని ఇంకో వస్తువు లోహంతో కలుపుతుంది. టీవీ, బాక్సు, సౌండ్‌బార్, కంప్యూటరు నాలుగింటి చిల్లర కరెంటూ ఒకే చోట పోగవుతుంది. చెయ్యి పెట్టినవాళ్లు ఆ మొత్తాన్ని మోస్తారు.

కొత్తకాపురం
టీవీకి రెండు పిన్నులే. సెట్‌టాప్ బాక్సుకు, సౌండ్‌బార్‌కు అడాప్టర్లు, అవీ రెండు పిన్నులే. కంప్యూటరుకు ఒక్కదానికే మూడు. బోర్డు ఇంటి కింద ఉన్న దుకాణంలో కొన్నది, 180 రూపాయలు.

పాత_రేడియో
180 రూపాయలా? అనుమానం అక్కడే మొదలవుతోంది.

టీవీకి రెండు పిన్నులు ఉండటం తప్పు కాదు. దాని వెనక చీటీ మీద చతురస్రంలో ఇంకో చతురస్రం గుర్తు ఉంటుంది చూడండి. ఎర్తు అవసరం లేకుండా రెండు పొరల రక్షణతో చేశారని దాని అర్థం. కంప్యూటరు అలా కాదు, దానికి ఎర్తు కావాలి. అందులోని ఫిల్టరు కెపాసిటర్లు ఎర్తు ఉందన్న ధీమాతో పెద్దవి పెడతారు. ఆ ఎర్తు అందకపోతే అందరికంటే ఎక్కువ చిల్లర వదిలేది అదే. రేపు దాని లోపల కరెంటు తెచ్చే ఫేజు తీగ కంప్యూటరు ఇనుప పెట్టెకు తగిలితే వచ్చేది చిల్లర కాదు, పూర్తి 230.

అనంత_వైర్‌మన్
మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. మాది అనంతపురం జిల్లా, బెంగళూరులో పద్దెనిమిదేళ్లుగా వైరింగ్ పని చేస్తున్నాను. ఇలాంటి బోర్డులు రోజూ చూస్తాను. పైకి మూడు పిన్నుల ప్లగ్గు, బోర్డు మీద మూడు రంధ్రాల సాకెట్లు, మధ్యలో ఉండేది రెండు తీగల వైరు. ప్లగ్గు మూత విప్పితే ఎర్ర తీగ, నల్ల తీగ మరలకు బిగించి ఉంటాయి. పైన పెద్ద పిన్ను దగ్గర మర ఖాళీగా మెరుస్తూ ఉంటుంది. దానికి తీగ తగిలించే ఉద్దేశం ఎవరికీ ఎన్నడూ లేదన్నమాట.

మల్టీమీటరు వాడటం తెలిస్తే గోడ సాకెట్టులో మూడు కొలతలు తీయండి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 అటూఇటూగా రావాలి. ఫేజుకూ ఎర్తుకూ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య ఒకటి రెండు వోల్టులకు మించకూడదు. మీటరు అలవాటు లేకపోతే సాకెట్టులో పుల్లలు పెట్టవద్దు, మనిషిని పిలవండి.

సిల్కుబోర్డు_సిగ్నల్
నా బోర్డు 150 రూపాయలది. మా ఇంట్లో మనిషి సంగతి ఇప్పుడు కొంచెం భయంగానే ఉంది.

కడప_కోడలు
గోడ సంగతి నేను చెబుతాను. మా ఇంటి గొడవ ఇంకా నిన్నటిదిలానే ఉంది.

సర్జాపుర రోడ్డులో ఉంటాం. మా గోడా తడితే డొల్లగానే మోగేది. బిగించడానికి వచ్చినతను ఎప్పుడూ వాడే చిన్న రావల్ ప్లగ్గులు దింపి, మరలు బిగించి, "ఏనుగును వేలాడదీసినా ఏమీ కాదు" అని చెప్పి వెళ్లాడు. పదకొండు రోజులు నిలిచింది. పన్నెండో రోజు తెల్లవారుజామున మూడింటికి దబ్బున శబ్దం. పై వైపు రెండు మరలూ మొత్తంగా ఊడి వచ్చాయి. టీవీ బ్రాకెట్టుతో సహా కింద పూలకుండీ మీద పడింది. గోడలో చిన్న గుహలంత రంధ్రాలు మిగిలాయి. వేలు పెట్టి గీస్తే మైదాపిండిలా రాలింది.

అవి ఏఏసీ బ్లాకులని ఆ తర్వాత తెలిసింది. లోపలంతా గాలి బుడగలున్న తేలికపాటి కాంక్రీటు. కొత్త అపార్టుమెంట్లలో లోపలి గోడలు చాలా వరకు ఇవే.

గుంటూరు_మామ
డ్రిల్లింగ్ మిషను నుంచి రాలే పొడిని చూస్తే తెలిసిపోతుందమ్మా. సిమెంటు పూత దాటాక ఎర్ర పొడి వస్తే ఇటుక. బూడిద రంగు పొడితో, మిషను ముందుకు కదలక మొరాయిస్తే కాంక్రీటు. వెన్నలో చెంచా దిగినట్టు దిగి తెల్లటి పిండి రాలితే మీరు చెప్పే బ్లాకు.

అనంత_వైర్‌మన్
ఏఏసీ గోడకు సుత్తి దెబ్బ పెట్టకుండా, మామూలు తిప్పుడుతోనే రంధ్రం వేయాలి. దెబ్బ పెడితే రంధ్రం వెడల్పయిపోతుంది. ఈ గోడల కోసమే పొడవాటి నైలాన్ యాంకర్లు వేరుగా దొరుకుతాయి. లేదంటే రంధ్రంలో రెసిన్ పోసి అందులో బోల్టు నిలబెట్టే పద్ధతి ఉంది, అది ఇంకా గట్టిది. గోడ అవతల మీ గదే అయితే ఈ వైపు నుంచి ఆ వైపునకు బోల్టు దూర్చి, వెనక ఇనుప పట్టీ వేసి నట్టు బిగించడం అన్నింటికంటే నమ్మకం. ఇనుప విస్తరణ బోల్టులు మాత్రం వద్దు, అవి విచ్చుకుంటూ బ్లాకును లోపలే నలిపేస్తాయి.

టీవీని ముందుకు లాగి పక్కకు తిప్పే చేతుల స్టాండు ఏఏసీ గోడకు పెట్టకండి. పదిహేను కిలోల టీవీయే అయినా, చెయ్యి రెండు అడుగులు బయటకు వచ్చిందంటే పై మరలను గోడలోంచి పీకే బలం ఎన్నో రెట్లవుతుంది. గోడకు అంటుకుని ఉండే రకమే మేలు.

ఉగాదిపచ్చడి
మా బావగారు సాకెట్టుకు సరిగ్గా పైన రంధ్రం వేసి, లోపలి వైరును తెంచి, ఇంట్లో సగం దీపాలు ఆర్పేశారు. రెండోసారి జాగ్రత్తగా పక్క గోడకు వేశారు. అది స్నానాలగది గోడ. నీళ్ల పైపు పగిలింది. టీవీ కోసం వెళితే ఫౌంటెన్ వచ్చింది.

పాత_రేడియో
ఉగాదిపచ్చడి గారి బావగారికి నమస్కారం. గోడలో దాచిన వైర్లు సాధారణంగా స్విచ్చు పెట్టె నుంచి నిలువుగా పైకో కిందికో పోతాయి. అందుకే పెట్టెకు నిట్టనిలువున, అడ్డంగా నేరుగా కూడా రంధ్రాలు వేయకూడదు.

రింగురోడ్డు_రాజా
ఇంత చర్చ దేనికో అర్థం కావడం లేదు. మా ఇంట్లోనూ ఇలాగే షాకు కొట్టేది. ఎలక్ట్రీషియన్ వచ్చి సాకెట్టు విప్పి, ఎర్తు పిన్నునూ న్యూట్రల్‌నూ చిన్న వైరు ముక్కతో కలిపేశాడు. ఐదు నిమిషాల పని, 100 రూపాయలు. ఏడాదిగా జివ్వుమన్న పాపాన పోలేదు.

పాత_రేడియో
రాజా గారూ, ఆ సాకెట్టు స్విచ్చు ఆపేసి, అందులో ఉన్నవన్నీ తీసేసి, ఆ ముక్కను ఈరోజే ఊడదీయించండి. నేను కోపంగా రాస్తున్నానని అనుకోకండి. కోపంగానే రాస్తున్నాను, కానీ మీ మీద కాదు.

న్యూట్రల్ తీగ ఎక్కడో ఒక చోట వదులై తెగిందనుకోండి. మీ కంప్యూటరు గుండా వచ్చిన ఫేజు వెనక్కి పోయే దారి లేక ఆ న్యూట్రల్‌లో నిలబడుతుంది. అక్కడి నుంచి మీ వైరు ముక్క మీదుగా ఎర్తు పిన్నుకు, దాని నుంచి కంప్యూటరు పెట్టెకు, హెచ్‌డీఎంఐ కేబుల్ మీదుగా టీవీ వెనక్కి వచ్చేస్తుంది. అప్పుడు తగిలేది 115 తేలుడు కాదు, 230. ఎవరైనా ఆ సాకెట్టులో ఫేజు, న్యూట్రల్ తారుమారు చేసి బిగిస్తే తెగడం దాకా కూడా అక్కర్లేదు. స్విచ్చు వేసిన క్షణమే పెట్టె అంతా ఫేజు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటం అంటే ఇదే.

రింగురోడ్డు_రాజా
మాకు ఆర్‌సీసీబీ ఉందండీ, అదే కరెంటు లీకైతే తెంచేసే స్విచ్చు. ప్రమాదమే అయితే అది పడిపోవాలి కదా? ఏడాదిలో ఒక్కసారి కూడా పడలేదు.

అనంత_వైర్‌మన్
పడకపోవడమే అసలు రుజువు రాజా గారూ. ఆర్‌సీసీబీ చూసేది ఒక్కటే, ఫేజులో వెళ్లినంత కరెంటూ న్యూట్రల్‌లో తిరిగి వస్తోందా లేదా అని. ఇళ్లలో పెట్టేవి మామూలుగా 30 మిల్లీఆంపియర్ల తేడా వస్తే పడతాయి. మీ సాకెట్టు ఎర్తు నిజంగా భూమి దాకా అతికి ఉంటే, ఆ ముక్క మీదుగా కొంత కరెంటు ఎర్తులోకి మళ్లి ఆ రోజే పడిపోయేది. ఏడాదిగా పడలేదంటే మీ ఎర్తు తీగ ఎక్కడా అతకలేదని లెక్క. ఉన్న జబ్బు అలాగే ఉంది, నొప్పి తెలియకుండా చేశారు.

ఇంకొకటి. దాని మీద ఇంగ్లీషు టీ అక్షరంతో ఉండే టెస్టు బటను నొక్కితే అది పడిపోయిందంటే ఆర్‌సీసీబీ పనిచేస్తోందని మాత్రమే. ఎర్తు బాగుందని కాదు. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు.

రింగురోడ్డు_రాజా
అర్థమైంది. ఇంట్లో చెప్పకుండా తీయించేస్తాను. చెబితే 100 రూపాయల గురించి ఏడాది పాటు వినాలి.

కొత్తకాపురం
మొదటి సమాచారం. ప్లగ్గు విప్పాను. అనంత గారు చెప్పినట్టే రెండు తీగలు, పైన ఖాళీ మర. ఆ మర చుట్టూ ఇత్తడి ఇంకా కొత్తగా మెరుస్తోంది, ఒక్కసారి కూడా బిగించిన గుర్తు లేదు. ఆఫీసు నుంచి వస్తూ మూడు తీగల బోర్డు, ఐఎస్‌ఐ గుర్తున్నది, 900 పెట్టి కొన్నాను. పెట్టాను. జివ్వుమనడం అలాగే ఉంది!

పక్క ఫ్లాటు ఆయన దగ్గర మీటరు ఉంటే ఆయనతోనే కొలిపించాను. కంప్యూటరు ప్లగ్గు బోర్డులోనే ఉంది. ఫేజు, న్యూట్రల్ మధ్య 226. ఫేజు, ఎర్తు మధ్య 113. న్యూట్రల్, ఎర్తు మధ్య 112.

పాత_రేడియో
సగానికి సగం! గోడ సాకెట్టులోనే ఎర్తు లేదు. మీ కంప్యూటరు ఫిల్టరులో ఫేజు వైపు ఒక కెపాసిటరు, న్యూట్రల్ వైపు అంతే పరిమాణం ఉన్న ఇంకొకటి ఉంటాయి. రెండూ కలిసే చోటే ఎర్తు పిన్ను. భూమికి అతకకపోతే అది సరిగ్గా మధ్యలో తేలుతుంది. మీ మీటరు చూపించింది దాన్నే. మిగతా గదుల సాకెట్లూ కొలిపించండి. అన్నింటిలో ఇలాగే ఉంటే భవనం ఎర్తు గుంతలోనో, మీ ఫ్లాటు పంపిణీ పెట్టెలోనో లోపం. ఒక్క దానిలోనే అయితే ఆ సాకెట్టు పెట్టెలో చూడాలి.

కొత్తకాపురం
వంటగదిలో 227, 226, 1.8. పడకగదిలోనూ బాగానే ఉంది. హాలులో టీవీ దగ్గర మాత్రమే ఈ వేషం.

అనంత_వైర్‌మన్
పెట్టె విప్పించండి. మెయిన్ ఆపకుండా మీరు మాత్రం చెయ్యి పెట్టవద్దు. చుట్ట చుట్టి లోపలికి తోసేసిన పచ్చ తీగ కనిపిస్తుందని పందెం.

తంతితపాలా
ఈలోగా సౌండ్‌బార్ సంగతి చూద్దామా? సౌండ్‌బార్ వెనక హెచ్‌డీఎంఐ రంధ్రాలు ఎన్ని ఉన్నాయి, కేబుల్ దేనిలో పెట్టారు?

కొత్తకాపురం
రెండు. ఒకదాని మీద ఇన్ అని ఉంది, ఇంకోదాని మీద అవుట్, ఏఆర్‌సీ అని ఉంది. శబ్దం సౌండ్‌బార్‌లోకి రావాలి కాబట్టి ఇన్‌లో పెట్టాను.

తంతితపాలా
అందరం తొక్కే అరటితొక్క అది. టీవీకి వెళ్లాల్సింది అవుట్ రంధ్రమే. బొమ్మ అటు వెళుతుంది, శబ్దం అదే తీగలో వెనక్కి వస్తుంది. ఏఆర్‌సీ అంటే ఆ వెనక్కి వచ్చే దారి. 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4తో ఇది మొదలైంది. టీవీ వైపు కూడా ఏ రంధ్రం పడితే అది పనికిరాదు, ఏఆర్‌సీ లేదా ఈఏఆర్‌సీ అని రాసి ఉన్న దానిలోనే పెట్టాలి. మామూలుగా అది ఒక్కటే ఉంటుంది.

ఆ తర్వాత టీవీ సెట్టింగుల్లో సీఈసీని, అంటే హెచ్‌డీఎంఐ తీగ మీదుగా ఒక వస్తువు ఇంకోదాన్ని నడిపే ఏర్పాటును, వెతికి ఆన్ చేయండి. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో ముద్దుపేరు పెట్టుకుంది. శామ్‌సంగ్‌లో అనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. శబ్దం బయటకు వెళ్లే చోటు ఏఆర్‌సీ అని ఎంచుకోండి. అయినా మూగగా ఉంటే డిజిటల్ శబ్దం రకం పీసీఎంకు, అంటే కుదించని మామూలు శబ్దానికి, మార్చి చూడండి. అప్పటికీ రాకపోతే అన్నింటి ప్లగ్గులూ తీసి రెండు నిమిషాలు ఆగి, మళ్లీ పెట్టండి. ఇవి ఒకదాన్నొకటి గుర్తుపట్టడంలో అలిగే రకం.

ఒక్క మనవి. ఎర్తు సంగతి తేలేదాకా హెచ్‌డీఎంఐ తీగలు తీసి పెట్టడం కరెంటు ఉండగా చేయకండి. రెండు పెట్టెల మధ్య వంద వోల్టుల తేడా ఉన్నప్పుడు ప్లగ్గు దూరుస్తుంటే, పైతొడుగు కంటే ముందు లోపలి సన్నని పిన్నులు ఆనితే చాలు, ఆ పోర్టు కాలిపోతుంది. నేనొక ప్రొజెక్టర్ పోర్టు అలాగే పోగొట్టుకున్నాను. కొని నాలుగు రోజులు కూడా కాలేదు.

చిక్కపేట_చిన్నోడు
ఎస్పీ రోడ్డు దుకాణంలో 4,500కి బంగారు పూత హెచ్‌డీఎంఐ కేబుల్ అంటగట్టబోయారు. రంగులు గాఢంగా కనిపిస్తాయట.

తంతితపాలా
అది అంకెలు మోసే తీగ. అంకెలు చేరితే బొమ్మ వస్తుంది, చేరకపోతే మచ్చలు పడతాయి, తెర నల్లబడుతుంది. మధ్యలో గాఢమైన రంగు అనేది లేదు. 4కే బొమ్మ సెకనుకు 60 సార్లు మారాలంటే 18 గిగాబిట్లు మోసే తీగ చాలు. కొత్త ఆటల పెట్టెలు 120 సార్లు మార్చాలంటే 48 మోసేది కావాలి. రెండు మీటర్ల తీగకు 4,500 పెట్టే బదులు కొత్తకాపురం గారిలా 900 పెట్టి మంచి బోర్డు కొనండి.

గుంటూరు_మామ
పాత హోం థియేటర్లో హెచ్‌డీఎంఐ లేదు బాబూ, సన్నటి ఆప్టికల్ తీగ రంధ్రం ఉంది. పెట్టాను. ఎర్ర వెలుగు కూడా కనిపిస్తోంది. శబ్దం శూన్యం.

తంతితపాలా
మామగారూ, తీగ కొనకు పారదర్శకంగా ఒక చిన్న ప్లాస్టిక్ టోపీ ఉంటుంది. తీశారా?

గుంటూరు_మామ
...తీశాను. ఇప్పుడు. రెండు నెలలుగా కంపెనీని తిడుతున్నాను.

ఉగాదిపచ్చడి
మామగారికి మా బావగారిని పరిచయం చేయాలి.

కడప_కోడలు
టీవీ బల్ల మీదే ఉంచినా, చిన్న పిల్లలున్న ఇంట్లో దాన్ని వెనక నుంచి గోడకు కట్టండి. ఈ టీవీలు పలచగా, తల బరువుగా ఉంటాయి. మా చెల్లెలి కొడుకు కార్టూన్ కుందేలును పట్టుకుందామని తెర పట్టుకు వేలాడాడు. అదృష్టం బాగుండి మా మరిది పక్కనే ఉన్నాడు. టీవీ వెనక బ్రాకెట్టు బిగించే నాలుగు రంధ్రాలకే రెండు పట్టీలు కట్టి, కొసలు గోడకు బిగిస్తారు. వందల్లో అయిపోతుంది. బల్ల మీద పరిచిన గుడ్డ ముందుకు వేలాడకుండా చూడండి, పిల్లలు ముందు లాగేది దాన్నే.

సిల్కుబోర్డు_సిగ్నల్
గోడకైతే ఎంత ఎత్తున? మా ఇంట్లో దేవుడి పటాల వరుసలో పెట్టారు. వార్తలు చూస్తే మెడ పట్టేస్తోంది.

అనంత_వైర్‌మన్
సోఫాలో కూర్చున్నప్పుడు కళ్లు ఎంత ఎత్తులో ఉంటాయో తెర మధ్యభాగం దాదాపు అక్కడే ఉండాలి. నేల నుంచి మూడున్నర అడుగులు అనుకోండి. అందరూ నిలబడి కొలతలు తీసుకుంటారు, కూర్చుని చూస్తారు. బ్రాకెట్టుకు ఇచ్చిన మరలే వాడండి. పొడవాటిది దొరికింది కదా అని తిప్పితే అది తెర లోపలి భాగాలను పొడుస్తుంది.

రెండోఅంతస్తు
స్పైక్ గార్డు పెడితే ఇవన్నీ అక్కర్లేదు కదా?

పాత_రేడియో
అది పిడుగుపాటు వల్ల వచ్చే క్షణికమైన వోల్టేజీ పోటును మింగడానికి. ఎర్తు లేని చోట దాని పని సగమే. అందులోని రక్షణ భాగం పోట్లు తింటూ తింటూ అరిగిపోతుంది కూడా. దాని మీద ఉండే చిన్న దీపం ఆరిపోతే మార్చాలి.

పోటు వేరు, ఎక్కువ వోల్టేజీ నిలబడిపోవడం వేరు. అపార్టుమెంటుకు మూడు ఫేజులు వచ్చే చోట ఉమ్మడి న్యూట్రల్ వదులైతే, రెండు ఫేజుల మధ్య ఉండే 400 పైచిలుకు వోల్టులను ఇళ్లు పంచుకుంటాయి. తక్కువ వాడకం ఉన్న ఇంటికి ఎక్కువ వోల్టులు పడతాయి. మా భవనంలో ఒక రాత్రి దీపాలు పెళ్లిపందిరిలా వెలిగాయి. సంబరపడేలోపు మూడు ఇళ్లలో టీవీలు పోయాయి. స్పైక్ గార్డులు అన్నింటికీ ఉన్నాయి. ఇలా నిలబడిపోయే వోల్టేజీకి పంపిణీ పెట్టెలో ఎక్కువ తక్కువ వోల్టేజీలకు తెంచేసే పరికరం ఉండాలి. దీపాలు మరీ ప్రకాశంగా వెలిగితే ముందు మెయిన్ ఆపండి, ఆ తర్వాత ఆశ్చర్యపోవచ్చు.

చిక్కపేట_చిన్నోడు
ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుములు మొదలవగానే మా నాన్న ప్లగ్గు తీస్తారు కానీ డిష్ తీగ వదిలేస్తారు. అది ఫరవాలేదా?

తంతితపాలా
మేడ మీద ఆకాశంలోకి చూస్తూ ఉండేది డిష్షే కదా. పోటు అటు నుంచి కూడా వస్తుంది. ఉరుములు ఇంకా దూరంగా ఉండగానే అదీ తీయాలి. నెత్తి మీదికి వచ్చాక దేన్నీ ముట్టుకోవద్దు. డిష్ తీగ విప్పే ముందు సెట్‌టాప్ బాక్సు ప్లగ్గు తీయండి. ఆ తీగలో పైనున్న పరికరం కోసం 13 నుంచి 18 వోల్టులు వెళుతుంటాయి. మనిషికి ఏమీ కాదు కానీ మధ్య తీగ తొడుగుకు తగిలితే బాక్సుకు దెబ్బ.

కొత్తకాపురం
అనంత గారు పందెం గెలిచారు. ఈరోజు ఉదయం ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపి పెట్టె విప్పాడు. పచ్చ తీగ రెండంగుళాల ఉంగరంలా చుట్టి, కొసకు నల్ల టేపు కూడా శ్రద్ధగా వేసి, మూలకు తోసి ఉంది. పైనుంచి సిమెంటు చుక్కలు పడి గట్టిపడ్డాయి. కట్టినప్పటి నుంచి అది అలాగే ఉందన్నమాట. టేపు తీసి, కొస గీకి, పిన్నుకు బిగించాడు. పది నిమిషాలు. ఇప్పుడు 228, 227, 1.6. టీవీ రెండు పిన్నులదే అయినా కంప్యూటరు ఎర్తు హెచ్‌డీఎంఐ మీదుగా దానికీ అందుతున్నట్టుంది, వెనక ఎక్కడ తాకినా ఏమీ లేదు.

అన్నీ ఆపి కేబుల్ అవుట్‌లోకి మార్చాను. సీఈసీ ఆన్ చేయగానే సౌండ్‌బార్ పలికింది. పాప ఉలిక్కిపడి ఏడ్చింది, శబ్దం నిండుగా పెట్టి ఉంది.

కానీ పెదవులు ముందు కదిలి మాట తర్వాత వస్తోంది. అమ్మ సీరియల్ చూస్తూ "వీళ్లు వేరే భాషలో తీసి తెలుగులోకి మార్చారా?" అని అడిగింది.

తంతితపాలా
సౌండ్‌బార్ సెట్టింగుల్లో శబ్దం ఆలస్యం సున్నా దగ్గర ఉందో లేదో చూడండి. ఎవరో పెంచి ఉంటారు. సున్నా అయినా తేడా ఉంటే టీవీ శబ్దం రకాన్ని ఆటో నుంచి పీసీఎంకు మార్చండి.

కొత్తకాపురం
పీసీఎంకు మార్చాక సరిపోయింది. గోడ సంగతి అడిగితే ఓనరు రంధ్రానికి ఇంత చొప్పున అడ్వాన్సులో పట్టుకుంటానన్నారు. తెల్ల పిండి గోడకు ఆ డబ్బు దండగ అనిపించింది. బల్ల మీదే ఉంచి, కడప_కోడలు గారు చెప్పినట్టు పట్టీలు కట్టించాను. రెండే రంధ్రాలు, అవీ పొడవాటి నైలాన్ యాంకర్లతో. అమ్మ మాత్రం టీవీ తుడవడానికి పొడిగుడ్డ, రబ్బరు చెప్పులు వాడుతోంది. మీటరు అంకెలు చూపించినా నమ్మడం లేదు.

సిల్కుబోర్డు_సిగ్నల్
ఇదంతా చదివి నేనూ మీటరు తెప్పించి, మా అన్నయ్యతో కొలిపించాను. ఫేజు, ఎర్తు మధ్య 114. న్యూట్రల్, ఎర్తు మధ్య 114. అనంత గారూ, శనివారం మీకు ఖాళీ ఉంటుందా? మడివాళ వైపు ఉంటాం. ఆరేళ్ల మనిషిని సాగనంపాలి.